టికెట్ ఒకటే, అంగడి మన ఇష్టం

కోవూరులో బస్సెక్కితే కండక్టర్ ఎక్కడ దిగుతావనే అడుగుతాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ అంగడికి పోతున్నావని అడగడు. నెట్‌కూ ఇదే పద్ధతి ఉండాలి, ఏ సైటు, ఏ యాప్ తెరిచినా టెలికాం కంపెనీ తేడా చూపకూడదు అనేదే నెట్ న్యూట్రాలిటీ. ఆ పేరును 2003లో ప్రచారంలోకి తెచ్చింది టిమ్ వూ అనే అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్.

మన దగ్గర గొడవ 2014 డిసెంబరులో రాజుకుంది. నెట్ ద్వారా మాట్లాడే కాల్స్‌కు వేరే చార్జీ వేస్తామని ఎయిర్‌టెల్ ప్రకటించింది. జనం మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే ఆ ఆలోచన మానుకుంది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చర్చాపత్రం పెడితే, నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ పది లక్షలకు పైగా మెయిల్స్ వెళ్లాయి.

అసలు పరీక్ష ఉచితం రూపంలో వచ్చింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ తెచ్చాయి. దాన్నే తర్వాత ఫ్రీ బేసిక్స్ అన్నారు. మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందులో చేరిన కొన్ని సైట్లు మాత్రం డేటా ఖర్చు లేకుండా తెరుచుకునేవి. ఏమీ లేనివాడికి కొంతైనా దొరుకుతుంది కదా అని చాలామంది నిజాయితీగానే వాదించారు. డేటా ఖరీదుగా ఉన్న ఆ రోజుల్లో అది తీసిపారేసే మాట కాదు.

కానీ ఇందుకూరుపేట వైపో, సింగరాయకొండ వైపో ఒక రొయ్యల రైతును తలచుకోండి. వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యలు) రేటు ఈ పూట ఎంతుందో ఫోన్లో చూసుకుని చెరువు పట్టాలా, నాలుగు రోజులు ఆగాలా అని తేల్చుకుంటాడు. ఒక్క కొనుగోలుదారు పేజీ ఉచితంగా తెరుచుకుని, మిగతావాటికి డబ్బులు ఖర్చయితే అతను ఏది చూస్తాడు? అందులో ఉన్నదే మార్కెట్ రేటు అనుకుంటాడు. కిలోకు పది రూపాయలు తగ్గినా టన్నుకు పది వేలు పోతాయి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఈ దారి మూసేసింది. సైటును బట్టి డేటా ధర మార్చకూడదు, మారిస్తే రోజుకు 50 వేల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. అదే ఏడాది సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది, ఉచిత సైట్ల వాదన దానంతటదే పలచబడింది. కొన్ని సైట్లను ఆపడం, నెమ్మది చేయడం కూడా కుదరదని 2018లో టెలికాం లైసెన్సుల్లో చేర్చారు.

అమెరికాలో 2015లో పెట్టిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు 2017లో పోయాయి. 2024లో తిరిగి తెస్తే 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది.

మన దగ్గర 2023 నుంచి టెలికాం కంపెనీలు కొత్త కోరిక గట్టిగా వినిపిస్తున్నాయి: ఎక్కువ ట్రాఫిక్ వాడే పెద్ద యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలట. టికెట్ మనం కొన్నాక, మనం పోయే అంగడివాణ్ణి కూడా చార్జీ కట్టమనడమే ఇది. ఆ చార్జీని అంగడివాడు సరుకు ధరలో కలిపి మన దగ్గరే రాబట్టుకుంటాడు.