‘బేస్ లేదు’ గొడవ వెనక కథ

విజయనగరం గంటస్తంభం దగ్గర మొబైల్ షాపుల్లో ఇయర్‌ఫోన్స్ వాపసు గొడవ మళ్లీ మొదలైంది. రెండు మూడు వేలు పోసి కొన్నవాళ్లు ‘బేస్ లేదు, పాట చెవిలో గుచ్చుకుంటోంది’ అంటున్నారు. బేస్ అంటే పాటలో గుమ్మనే లోతైన శబ్దం. షాపువాళ్లది ఒకటే మాట: ‘పీసు బాగానే ఉంది బాబూ, చెవిలో పెట్టినది వెనక్కి తీసుకోం.’

వాక్‌మన్ రోజుల సంగతి అందరికీ తెలిసిందే. ఇయర్‌ఫోన్స్‌లో అసలు మలుపు 1991లో, ఎటిమోటిక్ సంస్థ ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చినప్పుడు వచ్చింది. అప్పటిదాకా బొత్తాల్లాంటి ఇయర్‌బడ్స్ చెవి బయట గుంటలో కూర్చునేవి. ఇది మెత్తటి టిప్‌తో చెవి రంధ్రాన్నే బిగించి మూసింది. అప్పటి నుంచి మంచి శబ్దం రావాలంటే పీసు ఒక్కటీ బాగుంటే చాలదు, మూత కూడా కుదరాలి. సన్నటి సందున్నా బేస్ జారిపోతుంది, పై స్వరాలు మాత్రం అలాగే మిగులుతాయి. గుచ్చుకునేది అందుకే.

కంపెనీలు చూపించే శబ్దం గ్రాఫుల్లో ఇది కనిపించదు. వాళ్లు కొలిచేది 1981లో ఐఈసీ (ఎలక్ట్రానిక్ పరికరాలకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణంగా వచ్చిన లోహపు కృత్రిమ చెవిలో. అందులో టిప్ గట్టిగా కూర్చుంటుంది. మన చెవులు అలా ఉండవు, ఒకే మనిషికి కుడి చెవి ఒక సైజు, ఎడమ చెవి ఇంకో సైజు ఉండొచ్చు.

ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే ఒక కుర్రాడు తన సెట్ నాకు చూపించాడు. ఎడమ చెవిలో మృదంగం గుమికి, అంటే గుమ్మని సాగే లోతైన నాదం, అసలు వినిపించట్లేదు, శబ్దం డబ్బా మీద కొట్టినట్టుంది. ఆ ఒక్క వైపు మీడియం టిప్ తీసి లార్జ్ పెట్టాం. గుమికి వచ్చేసింది! అప్పటికి అతను పది రోజులుగా వాల్యూమ్ పెంచుకుంటూ పోతున్నాడు. నాకు టెన్షన్ అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చెవికి హాని లేకుండా 80 డెసిబెళ్ల (శబ్ద తీవ్రత కొలత) దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90 దగ్గరైతే 4 గంటలే.

2016లో ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ వైరు గుచ్చే జాక్ పోయాక వైర్‌లెస్ సెట్లు ఊరూరా చేరాయి. బ్యాటరీ కూడా చెవి దగ్గరే చేరి బరువు పెరిగింది, మూత ఇంకా తేలిగ్గా వదులవుతోంది. 2019లో ఎయిర్‌పాడ్స్ ప్రోతో ఆపిల్, టిప్ సరిపోయిందో లేదో ఫోన్‌లోనే చూపే పరీక్ష పెట్టింది. మన రెండు వేల రూపాయల సెట్లు చాలావాటిలో అది లేదు.

ఒకరి చెవిలో పెట్టినది ఇంకొకరికి అమ్మలేమన్న షాపువాళ్ల మాటా నిజమే. కానీ కొనేవాళ్లు డబ్బు వాపసు కంటే ముందు అడుగుతున్నది డెమో సెట్ ఒకటి, మనిషికో కొత్త టిప్పుల జత. ఆ కుర్రాడి పెట్టెలో చిన్న, పెద్ద టిప్పుల కవర్ వారంటీ కాగితం కింద, మేం తీసేదాకా సీలు విప్పకుండానే ఉంది. అది ఎందుకిచ్చారో కొన్న రోజు షాపులో అతనికి ఎవరూ చెప్పలేదు.