వేడికి కూడా మురుగు కాలువ కావాలి

చిరంజీవులైన బాబుకు, అమ్మడికి తాతయ్య దీవించి రాస్తున్నది.

మొన్న ఫోనులో బాబు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు ఫ్యాన్లు హోరుమంటున్నాయి తాతయ్యా. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. గ్రాఫిక్స్ కార్డు వేడి 91 డిగ్రీలు చూపించింది. తర్వాత కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. దుకాణంలో అడిగితే కార్డు పోయింది, కొత్తది కొనమన్నారు. నిజంగా పోయిందా?" అని అడిగావు. పక్కనుంచి అమ్మడు, "ఫ్రిజ్‌లో పెడితే చల్లబడదా?" అంది. రెండూ మంచి ప్రశ్నలే. గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్ లోపల ఉండి తెర మీది బొమ్మలు గీసే పలకే కదా. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నలభై ఏళ్లు రైసు మిల్లుల మోటార్లకు వైండింగు చుట్టినవాణ్ణి. కాలిపోయి నా దగ్గరకు వచ్చిన మోటార్లను చూస్తే, చాలా వాటికి ఒంటి మీది రెక్కల మధ్య తౌడూ దుమ్మూ కలిసి అట్ట కట్టి ఉండేది. వేడి బయటకు పోలేక లోపలి తీగ మాడేది. తీగ మార్చి, రెక్కలు తుడవకుండా పంపితే ఆరు నెలలకు అదే మోటారు మళ్లీ వచ్చేది. అందుకని, కార్డు పోయిందన్న మాట నేను వెంటనే నమ్మను. కార్డు నిజంగా పాడైతే చాలాసార్లు చల్లగా ఉన్నప్పుడు కూడా తెర మీద గీతలో చుక్కలో కనిపిస్తాయి, లేదా బొమ్మే రాదు. మీది పొద్దున చక్కగా నడుస్తోంది, వేడెక్కాకే ఆగుతోంది. అంటే బహుశా తనను తాను కాపాడుకుంటోందన్నమాట. చాలా కార్డులు 80 దాటి 90 దగ్గరకు వచ్చేసరికి తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే ఆగిపోతాయి. ఆట ఆడేటప్పుడు 70, 75 డిగ్రీలు ఉంటే కంగారు పడవలసింది లేదు.

అంత వేడి ఎక్కడ పుడుతుందో ముందు చెబుతాను. కార్డు మధ్యలో తపాలా బిళ్లంత చిప్పు ఉంటుంది. అందులో వందల కోట్ల స్విచ్చులు. ఆటలో ఒక చెట్టు నీడ కదలాలన్నా అవి సెకనుకు కోట్ల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. కార్డు తాగిన కరెంటంతా చివరకు వేడిగానే మిగులుతుంది. మీ కార్డు 200 వాట్లు తీసుకుంటుందనుకుందాం. మన పాత ఇంటి వసారాలో 100 వాట్ల బల్బు వెలిగేది, మీ నాన్న చిన్నప్పుడు ముట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. అలాంటి బల్బులు రెండింటి వేడి ఆ తపాలా బిళ్లలోనుంచి రావాలి!

ఇప్పుడు ఆ వేడిని నీళ్లనుకోండి. మనం గోదావరి డెల్టావాళ్లం, నీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. అప్పటినుంచి చేనుకు నీళ్లు తెచ్చుకునే దారి దొరికింది. ఆ నీళ్లనూ, పైనుంచి కురిసిన వాననూ సముద్రానికి సాగనంపడమే నేటికీ మన కష్టం. నేల బల్లపరుపు. వాలు లేదు. కొల్లేటిని చూడండి, ఎన్నో ఏర్లూ డ్రెయిన్లూ వచ్చి అందులో పడతాయి, సముద్రానికి వెళ్లే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే.

మీ కార్డుకు కరెంటు తెచ్చే తీగ పంట కాలువ. చిప్పు ఒక మడి. చిప్పుకూ, దాని మీద కూర్చున్న రాగి దిమ్మకూ మధ్య సన్నగా పూసిన పేస్టు ఉంటుంది, అది మడికి తూము. దిమ్మనుంచి బయలుదేరే పల్చటి అల్యూమినియం రెక్కలు బోదెలు, అంటే పిల్ల కాలువలు. కార్డు మీది ఫ్యాన్లు ఆ బోదెల్లోని వేడిని కంప్యూటర్ పెట్టెలోకి తోస్తాయి. పెట్టె పెద్ద డ్రెయిను, వెనక ఉన్న ఫ్యాను దాని మొగ, అంటే డ్రెయిను సముద్రంలో కలిసే చోటు. మీ గది సముద్రం. ఈ దారిలో ఎక్కడ పూడుకుపోయినా నీరు నిలిచేది మడిలోనే. మనకు కనబడేది మడి కాబట్టి నింద కూడా దాని మీదే వేస్తాం.

నాకు పదేళ్లున్నప్పుడు, ఒక సార్వాలో, అంటే వానాకాలం పంటలో, నాట్లు పడిన వారానికే ముసురు పట్టింది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఆకివీడు దగ్గరి మా ఊళ్లో చేలకూ చెరువులకూ తేడా తెలియలేదు. నారు కొసలు కూడా మునిగాయి. ఇంకో రెండు రోజులు అలాగే ఉంటే కుళ్లిపోతుందని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ మా పెదనాన్న కొడుకూ గూడబుట్ట పట్టుకుని చేలోకి దిగి, గట్టు అవతలికి నీళ్లు తోడడం మొదలుపెట్టాం. చేతులు పొక్కాయి. మేం తోడిన నీళ్లు పక్క చేలోకి పోయి, గట్టులోని ఎండ్రకాయ బొరియల గుండా మళ్లీ మా చేలోకే వచ్చాయి. సాయంత్రానికి నీటి మట్టం వేలెడు కూడా తగ్గలేదు.

నాన్న ఆ రోజంతా చేను దగ్గరకే రాలేదు. నాకు కోపం వచ్చింది. వెతుక్కుంటూ పోతే, ఊరి బయట మురుగు కాలువ మీది వంతెన కింద పీకల్లోతు నీళ్లలో ఉన్నాడు. ఆయనతో పాటు ఊళ్లోని మగవాళ్లంతా ఉన్నారు. వంతెన ఖానాలకు, అంటే నీళ్లు పోయే కంతలకు, గుర్రపు డెక్క పట్టేసింది. వెదురు కొక్కేలతో దాన్ని లాగి గట్టు మీద గుట్టలు పోస్తున్నారు. నాన్న నన్ను చూసి, "తోడింది చాల్లేరా, వచ్చి ఇది లాగు" అన్నాడు. చీకటి పడ్డాక ఖానా ఒక్కసారి తెరుచుకుంది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లవారి చూస్తే మా చేనూ, పక్క చేనూ, మాతో మాట్లాడని వాళ్ల చేనూ అన్నీ ఒకేసారి తేలాయి.

బాబూ, నువ్వు కంప్యూటర్ ముందు టేబుల్ ఫ్యాను పెట్టానన్నావే, అది మేం వేసిన గూడ లాంటిది. రెండు మూడు డిగ్రీలు తగ్గించి ఉంటుంది, అంతే.

సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, మీ పెట్టె చెక్క బల్ల కింది అరలో ఉంది, వెనకభాగం గోడకు ఆనుకుని ఉంది. మొగ దగ్గరే ఇసుక మేట వేసిందన్నమాట. వెనకనుంచి వచ్చిన వేడి గాలి గోడకు తగిలి మళ్లీ ముందుకే వస్తుంది, ఆ వేడి గాలినే పెట్టె మళ్లీ పీల్చుకుంటుంది. ముందు దాన్ని అరలోనుంచి బయటికి తీసి, గోడకు జానెడు దూరంగా, నేలకు కాస్త ఎత్తున పెట్టండి. తర్వాత పక్క రేకు తీసి పది నిమిషాలు ఆట నడిపి చూడండి, లోపల చెయ్యి పెట్టకుండా. వేడి బాగా తగ్గితే పెట్టెలో గాలి ఆడడం లేదని అర్థం. తగ్గకపోతే అడ్డు కార్డులోనే ఉంది. రేకు మాత్రం అలాగే వదిలేయకండి. మన ఊళ్లలో చీమలకూ బల్లులకూ వెచ్చటి చోటు చాలు.

కార్డు శుభ్రం చేసేది నాన్న ఇంట్లో ఉన్నప్పుడే. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, మిగిలిన కరెంటు పోతుంది. పెట్టె ఇనుప చట్రాన్ని చేత్తో ముట్టుకుని, తర్వాతే కార్డు మీద చెయ్యి వేయాలి. పొడి మెత్తటి కుంచెతో రెక్కల మధ్య దుమ్మును నెమ్మదిగా రేపి, రబ్బరు బుడ్డీ బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి దాని బేరింగు దెబ్బతింటుంది. తడి గుడ్డ వద్దు. నోటితో ఊదవద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి.

ఇంత చేసినా తగ్గకపోతే తూము చూడాలి. నాలుగేళ్లనాటి కార్డు కదా, పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. అది తెలిసినవాళ్లు చేయవలసిన పని. పాతది పూర్తిగా తుడిచి, శనగగింజంత కొత్త పేస్టు వేస్తే చాలు. దట్టంగా మెత్తితే వేడి పోయే దారికి అదే అడ్డం. విప్పే ముందు వారంటీ ఉందేమో నాన్నను చూడమనండి.

ఇంకొక పని డబ్బు ఖర్చు లేనిది. మీ తెర సెకనుకు 60 బొమ్మలే చూపగలదు. కార్డు మాత్రం అడ్డూ ఆపూ లేకపోతే 150 గీస్తుంది, మిగతావి మీరు చూడనే చూడరు. ఆట సెట్టింగుల్లో 60 దగ్గర కట్ట వేయండి. అవసరం లేని నీరు మడిలోకి వదిలి, ఆ తర్వాత మురుగు కాలువను తిట్టడం రైతు లక్షణం కాదు. మనకోసం పనిచేసేది మనిషైనా, ఎద్దైనా, యంత్రమైనా, దాని చేత వృథా చాకిరీ చేయించకూడదని మా నాన్న అనేవాడు.

ఇదంతా చేసినా రోహిణి కార్తెలో కార్డు కొంచెం ఎక్కువే వేడెక్కుతుంది. సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిను నీళ్లు మొగ దగ్గర నిలబడిపోతాయి, పాటు వచ్చేదాకా దిగవు. గది కూడా అంతే. గదిలో పది డిగ్రీలు పెరిగితే కార్డు మీదా దాదాపు అంతే పెరుగుతుంది. మండే మధ్యాహ్నం మానేసి, సాయంత్రం కిటికీలు తెరిచి ఆడుకోండి.

అమ్మడూ, నీ ఫ్రిజ్ సంగతి మరిచిపోలేదు. వేసవిలో చల్లటి నీళ్ల చెంబు బయట పెడితే దాని ఒంటికి చెమట పడుతుంది కదా, అది గాలిలోని తేమే. మన గాలిలో తేమ ఎక్కువ. చల్లబడిన కార్డును బయటకు తీస్తే దాని మీద కూడా అలాగే నీటి చుక్కలు చేరతాయి. ఆ తడితో కరెంటు ఇస్తే ఈసారి కార్డు నిజంగానే పోతుంది.

నీకు ఇంకొక సంగతి చెప్పాలి. కార్డును పక్కనుంచి చూస్తే రెక్కల గుండా పోయే రాగి గొట్టాలు కనబడతాయి. అవి ఉత్త గొట్టాలు కావు. గాలి తీసేసి, లోపల కాసిని నీళ్లు పోసి మూసినవి. చిప్పు వైపు ఆ నీరు ఆవిరవుతుంది, చల్లటి కొసకు పోయి మళ్లీ నీరవుతుంది, గొట్టం గోడకు ఉన్న సన్నటి రాగి జల్లెడలో ఇంకుతూ చిప్పు దగ్గరకు తిరిగి వస్తుంది. సముద్రంలో ఆవిరై లేచిన నీరు ఎక్కడో నాసిక్ దగ్గరి త్ర్యంబకం కొండల మీద వానై కురిసి, గోదావరిగా 1,465 కిలోమీటర్లు నడిచి, అంతర్వేదిలో మళ్లీ సముద్రాన్ని చేరుతోంది. నువ్వు ఆడుకునే పెట్టెలో జానెడు గొట్టంలో అదే జరుగుతోందమ్మా. ఆ నీళ్లకు ఆ దారి ఎవరు నేర్పారో, ఎంత చదివినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

ఇక్కడ కాలువలకు నీళ్లు కట్టేశారు. పూడిక తీస్తున్నారు. మీరూ ఈ వారమే ఆ పని పెట్టుకోండి. యనమదుర్రు డ్రెయిను మీది వంతెన దాటేటప్పుడు ఒకసారి ఆగి, ఖానాల దగ్గర గుర్రపు డెక్క ఎలా పట్టిందో చూసి రండి. తర్వాత ఒక సాయంత్రం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ నడుస్తుండగా ఒక అగరుబత్తి వెలిగించండి. నిప్పు తగలకుండా జానెడు దూరంలో పెట్టె ముందు పట్టుకోండి, తర్వాత వెనక పట్టుకోండి. ముందు పొగ లోపలికి పోతోందా? వెనక పొగ బయటికి తోసుకుపోతోందా, లేక గోడకు తగిలి మళ్లీ ముందుకే వస్తోందా? అమ్మడు పొగను చూడాలి, బాబు డిగ్రీలు రాసుకోవాలి. చూసింది చూసినట్టు నాకు రాయండి.

మీ తాతయ్య