ఇంటికి తాళం వేసినా ఆగని బిల్లు: బ్రిటన్ స్టాండింగ్ ఛార్జి వెనక కథ

బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబం పిల్లల సెలవులకి ఆరు వారాలు ఊరికి వచ్చిందనుకోండి. ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్ పీకేశారు, బాయిలర్ ఆపేశారు, తాళం వేశారు. ఒక్క యూనిట్ కూడా కాలలేదు. అయినా 2024 చివరి నాటి సగటు రేట్లతో లెక్కేస్తే తిరిగి వెళ్లేసరికి దాదాపు 39 పౌండ్ల బిల్లు రెడీగా ఉంటుంది, ఎందుకంటే కరెంటుకి రోజుకి 61 పెన్స్, గ్యాస్‌కి 32 పెన్స్ చొప్పున స్టాండింగ్ ఛార్జి పడుతూనే ఉంటుంది. ఏడాదికి చూస్తే దాదాపు 338 పౌండ్లు. ధరలకి క్యాప్ పెట్టామని ప్రభుత్వం చెప్పింది కదా, మరి ఇదేంటి అని అందరికీ వచ్చే డౌటే.

అసలు ఆ ప్రైస్ క్యాప్ అన్న పేరులోనే తిరకాసు ఉంది. కరెంటు, గ్యాస్ కంపెనీల మీద నిఘా పెట్టే రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్ పరిమితి పెట్టేది యూనిట్ రేటు మీద, రోజువారీ స్టాండింగ్ ఛార్జి మీద, అంతేగానీ మీ మొత్తం బిల్లు మీద కాదు. వార్తల్లో వచ్చే 1,717 పౌండ్లు (2024 అక్టోబరు క్యాప్) లాంటి అంకె ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల (ఇదీ కిలోవాట్ అవర్ లెక్కే) గ్యాస్ వాడే ఒక ఊహాజనిత ఇంటిది. ఎక్కువ వాడితే ఎక్కువే కట్టాలి. ఇది జనానికే కాదు, సాక్షాత్తూ ప్రధానికే అర్థం కాలేదు: 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్ బీబీసీ లోకల్ రేడియోలో ఎవరి బిల్లూ 2,500 పౌండ్లు దాటదన్నట్టు మాట్లాడి, అది తప్పని చెప్పించుకున్నారు.

ఇక స్టాండింగ్ ఛార్జి నిన్నమొన్నటిది కాదు. 1892లో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజినీరు ఒక వాదన పెట్టాడు. మీరు లైటు వేసినా వేయకపోయినా, వేస్తారేమోనని కరెంటు తయారుచేసే చోట బాయిలర్లు వేడిగా ఉంచాలి, యంత్రాలు సిద్ధంగా ఉండాలి, కాబట్టి ఆ సిద్ధంగా ఉన్నందుకు వేరే ఛార్జి, కాల్చిన కరెంటుకి వేరే ఛార్జి ఉండాలి అని. లెక్క సబబుగానే ఉంది. కానీ ఆయన అన్నది, ఎవరు ఎంత లోడు అడుగుతారో దాన్ని బట్టి వసూలు చేయమని. ఇప్పటి బ్రిటన్‌లో మాత్రం ఒకే ప్రాంతంలో, ఒకే టారిఫ్‌లో ఉంటే ఒంటరి ముసలమ్మ ఉండే ఒక్క గది ఫ్లాటుకీ, అయిదు బెడ్‌రూముల బంగళాకీ రోజుకి అవే పెన్స్. ఈ ఒక్క విషయంలో మన బిల్లే నయం, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఫిక్స్‌డ్ ఛార్జి కాంట్రాక్టెడ్ లోడుని బట్టి కిలోవాట్‌కి ఇంత అని పడుతుంది.

క్యాప్ కథ మళ్లీ వేరు. 1986లో గ్యాస్‌ని, 1990లో కరెంటు కంపెనీలని ప్రైవేటుకి అమ్మడం మొదలుపెట్టారు, 2002కల్లా ఇళ్లకి అమ్మే ధరల మీద కంట్రోలు తీసేశారు. పోటీ ఉంది కదా, నచ్చకపోతే కంపెనీ మారతారులే అన్నది ధీమా. జనం మారలేదు. 2016లో పోటీ వ్యవహారాల సంస్థ విచారణ ముగిసేసరికి తేలిందేమిటంటే, ఆరు పెద్ద కంపెనీల కస్టమర్లలో 70 శాతం మంది ఏ ప్లానూ ఎంచుకోకపోతే దానంతటదే పడే ఖరీదైన డిఫాల్ట్ టారిఫ్‌లోనే ఉండిపోయారు, జనం మొత్తమ్మీద ఏటా సగటున 140 కోట్ల పౌండ్లు అదనంగా కడుతున్నారు. 2013లో లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్ ధరలు స్తంభింపజేస్తానంటే ఇది మార్క్సిస్టు లోకం అని కన్జర్వేటివ్ ప్రధాని కామెరాన్ వెక్కిరించాడు, నాలుగేళ్లు తిరిగేసరికి అదే పార్టీ ప్రధాని థెరిసా మే క్యాప్ తెస్తానని ప్రకటించారు. 2018లో చట్టం, 2019 జనవరి 1 నుంచి అమలు. మొదటి అంకె 1,137 పౌండ్లు. ఇక్కడ గమనించాల్సింది, క్యాప్ పుట్టింది కంపెనీ మారని కస్టమర్ని దోచుకోకుండా ఆపడానికి. ప్రపంచంలో గ్యాస్ ధర పేలితే కాపాడడానికి కాదు.

2021లో సరిగ్గా అదే పేలింది. చౌక టారిఫ్‌లతో జనాన్ని లాక్కున్న చిన్న కంపెనీలు చాలావాటికి ముందుగా గ్యాస్ కొనిపెట్టుకునే స్తోమత లేదు, టోకు ధర ఆకాశానికి పోయింది, క్యాప్ అప్పట్లో ఆరు నెలలకోసారే మారేది. నష్టానికి అమ్మలేక దాదాపు 30 కంపెనీలు మూతపడ్డాయి. వాటి కస్టమర్లని రాత్రికి రాత్రి వేరే కంపెనీలకి అప్పజెప్పారు. ఎవరి ఇంట్లోనూ లైటు ఆరలేదు, అది మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ ఖర్చు ఎవరు భరించారు? బ్రిటన్ జాతీయ ఆడిట్ సంస్థ 2022లో వేసిన అంచనా 270 కోట్ల పౌండ్లు, అంటే ఇంటికి 94 పౌండ్ల దాకా. అందులో చాలా భాగం కరెంటు స్టాండింగ్ ఛార్జి మీదే వేశారు. దీనికి తోడు, వైర్ల నెట్‌వర్కు ఖర్చులో పెద్ద ముక్కని యూనిట్ రేటు నుంచి తీసి ఫిక్స్‌డ్ వైపు నెట్టాలని ఆఫ్‌జెమ్ అంతకుముందే నిర్ణయించింది, సోలార్ పెట్టుకున్న వాళ్లు గ్రిడ్ ఖర్చు తప్పించుకుంటున్నారని. రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి. 2021 అక్టోబరులో రోజుకి 25 పెన్స్ ఉన్న కరెంటు స్టాండింగ్ ఛార్జి 2022 ఏప్రిల్‌కి 45 అయింది, 2024లో 60 దాటింది. మునిగిన కంపెనీల బాకీ తీరాక కూడా అది పాత స్థాయికి వెనక్కి రాలేదు, ఆ ఖాళీలోకి నెట్‌వర్కు ఛార్జీలు వచ్చి కూర్చున్నాయి.

ఎక్కువ దెబ్బ తగిలేది తక్కువ వాడేవాళ్లకి. ప్రీపేమెంట్ మీటరున్న వాళ్ల సంగతి మరీ ఘోరం. ఎండాకాలం మూడు నెలలు గ్యాస్ ముట్టుకోలేదు, టాప్‌అప్ చేయలేదు, కానీ ఆ 2024 రేటుతో రోజుకి 32 పెన్స్ చొప్పున 29 పౌండ్ల అప్పు పేరుకుపోతుంది. చలి మొదలై 20 పౌండ్లు వేస్తే హీటరు వెలగకముందే మీటరు అందులోంచి బాకీ కోసుకుంటుంది. పైగా ప్రాంతాన్ని బట్టి తేడా: నార్త్ వేల్స్, మెర్సీసైడ్‌లో కట్టేది లండన్‌లో కంటే బాగా ఎక్కువ.

2023 నవంబరులో ఆఫ్‌జెమ్ జనాభిప్రాయం అడిగితే 30,000కి పైగా స్పందనలు వచ్చాయి. అయితే తీసిపారేయొచ్చు కదా అంటే, ఆ డబ్బు ఎక్కడికీ పోదు, యూనిట్ రేటులోకి వెళ్తుంది. అప్పుడు రోజంతా ఆక్సిజన్ మిషన్ నడిచే ఇల్లు, గ్యాస్ కనెక్షన్ లేక కరెంటు హీటర్లతోనే చలి కాచుకునే పేద ఇల్లు మునుగుతాయి. 2024 డిసెంబరులో ఆఫ్‌జెమ్ స్టాండింగ్ ఛార్జి అసలు లేని టారిఫ్ ఒకటి ఆప్షన్‌గా ఉంచుదామంది, 2025 సెప్టెంబరుకల్లా దాన్నీ పలచన చేసి, ప్రతి కంపెనీ తక్కువ స్టాండింగ్ ఛార్జి ఉన్న టారిఫ్ ఒక్కటైనా ఇవ్వాలన్న ప్రతిపాదన దగ్గర ఆగింది. అందులోనూ యూనిట్ రేటు ఎక్కువే ఉంటుంది, కాబట్టి ఎంచుకునే ముందు ఏడాదిలో ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారో పాత బిల్లులు తీసి లెక్కేసుకోవాలి. కంపెనీ మారడానికే బద్ధకించి డిఫాల్ట్‌లో ఉండిపోయిన ఆ 70 శాతం లాంటి వాళ్లే ఇప్పుడు ఈ లెక్క కూడా చేయాలి.