ఆరో పన్ను

మా మునుగోడు దిక్కు పిల్లలు నోరు తెరిస్తే పెద్దవాళ్ళ చూపు ముందు పళ్ళ మీదికే పోతుంది. గార, అంటే ఫ్లోరైడ్ మచ్చలు, ఉందా, లేదా? ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగిన ఊళ్ళు మరి. ముందు పళ్ళు తెల్లగా ఉంటే ఇక దిగులు లేదనుకుంటారు.

మొన్న మా అక్క మనవడు దవడ పట్టుకుని బడి నుంచి వచ్చాడు. మూడో తరగతి. ఫోన్ టార్చ్ వేసి చూశాను. ముందు పళ్ళకు మచ్చ లేదు. కింద, వెనకాల దవడ పన్ను నడుమ మాత్రం నువ్వుగింజంత నల్లటి గుంట, చుట్టూ సుద్దలా తెల్లబారిన అంచు.

"పాల పన్నే గదరా, ఊడిపోతది" అంది అక్క.

ఊడదు. అది ఆరేళ్ళప్పుడు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. ముందు పళ్ళు ఊడితే ఇల్లంతా చూస్తుంది, ఊడినదాన్ని ఇంటి మీదికి విసిరేస్తారు. ఇది మాత్రం ఏ పన్నూ ఊడకుండానే పాల పళ్ళ వెనకాల మొలుస్తుంది. పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా పక్క పన్ను కంటే పల్లంలో ఉంటుంది కాబట్టి బ్రష్ దానికి తగలదు. పైగా దాని మీది సందులు బ్రష్ పోగు కూడా దూరనంత సన్నం.

పంటిలో పురుగుందనే మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. పురుగు కాదు గానీ, కంటికి కనిపించని బాక్టీరియా ఉంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అందులో ముఖ్యమైనది. అది మనం తిన్న చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు) సుమారు 5.5 కిందికి దిగితే ఎనామిల్‌లోని, అంటే పంటి పైపొరలోని, ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ సర్దడానికి అరగంటో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. అందుకే నాలుగు చాక్లెట్లు ఒకేసారి నమిలి మింగడం కంటే, ఇంటర్వెల్‌లో ఒకటి, బడి వదిలాక ఒకటి, ట్యూషన్‌లో ఒకటి చప్పరించడం పంటికి ఎక్కువ చేటు. బిస్కెట్‌ను ఎవరూ అనుమానించరు గానీ, ఆ పిండి సందుల్లో అతుక్కుని చాలాసేపు ఉంటుంది. రాత్రి అది తిని పడుకుంటే మరీ నష్టం, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

ఇంకో సంగతి. అక్క ఫ్లోరైడ్ లేని పేస్టే కొంటుందట, పేరు వింటేనే భయమని. ఆ భయం ఊరికే రాలేదు. కానీ గార వేరు, పుచ్చు వేరు. దవడ లోపల ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి పోతే గార వస్తుంది. అందుకే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పేస్టులోది మింగేది కాదు. పంటి పైన ఉండి, కరిగిన ఖనిజం తిరిగి చేరడానికి సాయపడుతుంది. బఠాణీ గింజంత చాలు, తోమాక ఉమ్మించాలి.

వాడి గుంట లోతుగా లేదని డాక్టర్ సిమెంట్ పెట్టారు. ఇంకా పుచ్చని అటు పక్క పన్ను సందులను సీలెంట్‌తో మూసేశారు.

ఇంటికొచ్చాక అక్క చిన్న మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఒకటో తరగతి పిల్ల. ముందు పన్ను నుంచి వేలితో లెక్కపెడుతూ పోయింది. ఆరో చోట చిగురు కింది నుంచి సగం బయటికొచ్చిన తెల్లటి మూల తగిలింది.

"ఇదెప్పుడొచ్చెరా?" అంది.