మూడు నిమిషాల హార్మోన్, నెలరోజుల ఇంజెక్షన్

1973లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజర్ గిల్లెమిన్ బృందం వెతికింది ఒకటి, దొరికింది సరిగ్గా దానికి వ్యతిరేకం. గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే పదార్థం కోసం గొర్రెల మెదడులోని హైపోథాలమస్‌లను జల్లెడ పడుతుంటే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఆ హార్మోన్ రాకుండా ఆపేది బయటపడింది. 14 అమైనో ఆమ్లాల ఆ గొలుసే సొమాటోస్టాటిన్.

అక్రోమెగలీ రోగులకు కావలసింది అదే. ఈ జబ్బులో పిట్యూటరీలోని కణితి గ్రోత్ హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంది. ఉంగరం బిగుసుకుంటుంది, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకొస్తుంది, పళ్ల మధ్య సందులు పడతాయి. ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే మార్పు కాబట్టి రోజూ చూసే ఇంట్లోవాళ్లకే తెలియదు.

అయితే సొమాటోస్టాటిన్ మందుగా నిలబడలేదు. ఎంజైములు తుంచేయడంతో రెండు మూడు నిమిషాలకే రక్తంలో సగం మాయం. ఆగకుండా ఎక్కిస్తూ ఉండాలి, ఆపారంటే హార్మోన్ మళ్లీ ఎగబాకుతుంది. పైగా ఇన్సులిన్‌నూ అణిచేస్తుంది.

బాసెల్‌లోని సాండోజ్ మందుల కంపెనీ కెమిస్టులు ఆ గొలుసును 8 ఆమ్లాలకు కుదించి, 1982లో ఆక్ట్రియోటైడ్‌ను ప్రకటించారు. పని చేసే నాలుగింటి వరుసను అలాగే ఉంచారు. రెండు చోట్ల మాత్రం ఆమ్లాన్ని దాని ప్రతిబింబ రూపంలో పెట్టారు. కుడిచేతి గ్లవ్ ఎడమచేతికి ఎక్కనట్టు, ఎంజైముకు అక్కడ పట్టు దొరకదు. నిమిషాల ఆయుష్షు గంటన్నరకు పెరిగింది. నా దృష్టిలో అసలు తెలివి ఇక్కడే ఉంది. తమాషా ఏమిటంటే, గిల్లెమిన్ మొదట వెతికిన పదార్థమూ 1982లోనే దొరికింది. అదీ గొర్రె మెదడులో కాదు, ఒక అక్రోమెగలీ రోగి క్లోమంలోని కణితిలో!

1988లో అమెరికా అనుమతి వచ్చినా, రోజుకు మూడుసార్లు చర్మం కింద పొడుచుకోవాల్సిందే. మరో పదేళ్లకు నెలకోసారి పిరుదు కండలో వేసే రూపం వచ్చింది. ఒంట్లో కరిగిపోయే కుట్ల దారం లాంటి పాలిమర్‌తో చేసిన సన్నని గుళికల్లో మందును బంధించారు. అందుకే నర్సు పని పెరిగింది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి, పొడి పూర్తిగా తడిసేదాకా ఆగాలి, కలిపాక వెంటనే వేసేయాలి. ఆలస్యమైతే గుళికలు అడుగున పేరుకుంటాయి.

పిత్తాశయంలో రాళ్లు, విరేచనాలు దీని పాత చిక్కులే. మందు మానేస్తే హార్మోన్ తిరిగి పెరుగుతుంది కాబట్టి, చాలామందికి ఇప్పటికీ మొదటి దారి ముక్కులోంచి కణితిని తీసే ఆపరేషనే. 2020లో అమెరికాలో నోటి ద్వారా తీసుకునే క్యాప్సూల్‌కు అనుమతి దొరికింది. రోజుకు రెండుసార్లు ఖాళీ కడుపుతో మింగాలి. అదీ ఇంజెక్షన్లు అప్పటికే పనిచేసినవాళ్లకే.