పండక్కి వచ్చాడు, పది వారాలేంటి?

శ్రీకాకుళం జిల్లాలో మగవాళ్ళు పనికోసం వలస వెళ్ళే ఊళ్ళు చాలానే ఉన్నాయి. ఏ చెన్నైలోనో పనిచేసే మనిషి భోగికి ఇల్లు చేరాడనుకోండి. మార్చి నడుమ భార్యకు స్కాన్ తీస్తే రిపోర్టులో ‘10 వారాలు’ అని ఉంది. భోగి నుంచి వేళ్ళు మడిచి చూస్తే ఎనిమిదిన్నర వారాలే. అత్తగారి మొహం మారిపోతుంది, కోడలికి టెన్షన్. తప్పు రిపోర్టుదీ కాదు, ఆ అమ్మాయిదీ కాదు.

డాక్టర్లు నెలలు లెక్కపెట్టేది భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు, చివరిసారి బయటున్న (నెలసరి వచ్చిన) మొదటి రోజు నుంచి. అండం విడుదలయ్యేది మామూలుగా ఆ తర్వాత రెండు వారాలకు. అంటే కడుపు నిలిచేసరికే లెక్కలో రెండు వారాలు గడిచిపోయి ఉంటాయి. అండం ఎప్పుడు విడుదలైందో ఎవరికీ కనిపించదు కదా! స్కాన్ మిషన్ కూడా బిడ్డ పొడవు కొలిచి, ఆ రెండు వారాలూ కలుపుకునే చెబుతుంది. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెబితే ఎన్ని కాపురాల్లో గొడవ తప్పుతుందో.

తేదీ మరిచిపోయినా పండగ గుర్తుంటుంది. “సిరిమాను నాడే బయటున్నానండి, గుడికి ఎల్నేదు” అని విజయనగరంలో ఓ గర్భిణి ఆశా కార్యకర్తతో అంటే అంతకన్నా మంచి ఆధారం ఏం కావాలి? 2025లో అక్కడి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అక్టోబరు 7న జరిగింది. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ 2026 జులై 14. మొత్తం 280 రోజులు. జర్మన్ వైద్యుడు నేగెలె పేరుమీద ఉన్న సూత్రమిది. నెలసరి 28 రోజులకోసారి వస్తుందనుకుని వేసిన లెక్క కాబట్టి, 35 రోజులకు వచ్చేవాళ్ళకు కాన్పు తేదీ ఇంచుమించు వారం ఆలస్యంగా వస్తుంది. సరిగ్గా చెప్పిన తేదీనే కనేవాళ్ళు నూటికి ఐదుగురికి మించరు.

పొట్టమీద చెయ్యి పెట్టి చూసే పద్ధతీ ఉంది. గర్భసంచి పైఅంచు బొడ్డు దాకా వస్తే దాదాపు 20 వారాలు. కవలలుంటే ఇది పనిచేయదు.

తేదీ బొత్తిగా గుర్తులేనివాళ్ళు మూడో నెల దాటకముందే స్కాన్ తీయించుకోవాలి. అప్పుడు తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. ఆ వయసులో బిడ్డలందరూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు గనుక తేడా వస్తే వారమే. తర్వాత ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా పెరుగుతారు. ఎనిమిదో నెల స్కాన్‌లో తేడా మూడు వారాల దాకా ఉండొచ్చు. అందుకే అప్పటి రిపోర్టులో వారాలు తగ్గాయని కాన్పు ఇంకా ఆలస్యమని తేదీ మార్చరు, బిడ్డ ఎదుగుదల సరిగా ఉందో లేదో చూస్తారు.