‘నేషియా’ అంటే దేశం కాదు, దీవి

భూగోళ పాఠంలో పటం విప్పి ఇండోనేషియాను చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ పేరుకు అర్థం అడుగుతారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అది. అయితే పెద్దలు కూడా దానికి తప్పు జవాబులే చెబుతుంటారు.

అపోహ: నేషియా అంటే దేశం. నేషన్ అన్న మాటకు అది మరో రూపం.

వాస్తవం: నేషన్ లాటిన్ మాట, దాని మూలంలో ఉన్నది పుట్టుక. నేషియాకు మూలం గ్రీకు ‘నేసోస్’, అంటే దీవి. ఎదుర్లంక, బొబ్బర్లంక అన్న పేర్ల చివర లంక చేసే పనే ఇక్కడ నేషియా చేస్తుంది. గోదావరి పక్కన పెరిగిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పాల్సిన అవసరమే ఉండదు.

అపోహ: పాలినేషియా, మెలనేషియా ప్రాచీన గ్రీకులు పెట్టిన పేర్లు.

వాస్తవం: పసిఫిక్ సముద్రం ఒకటుందని ఆ గ్రీకులకు తెలియదు. మాటలు వారివే కాని, వాటిని అతికించినవారు ఫ్రెంచివారు. 1756లో షార్ల్ ద బ్రోస్ అనే రచయిత పసిఫిక్ దీవులన్నిటినీ పాలినేషియా అన్నాడు, అంటే పెక్కు దీవులు. 1831లో నావికుడు ద్యుమోఁ ద్యుర్విల్ ఆ పేరును తూర్పు భాగానికి పరిమితం చేసి, మిగిలినవాటిని మైక్రోనేషియా, మెలనేషియా అని విడదీశాడు. మైక్రో చిన్నదనానికి గుర్తు. మెలాస్ అంటే నలుపు. నలుపన్నది దీవుల గురించి కాదు, అక్కడి మనుషుల ఒంటి రంగు గురించి. ఒక పేరు సంఖ్యను బట్టి, మరొకటి పరిమాణాన్ని బట్టి, మూడోది చర్మాన్ని బట్టి! పటం మీద ఆ మూడో పేరు అమాయకంగా కనిపిస్తుంది కాబట్టే ఈ సంగతి తరగతిలో తప్పక చెబుతాను.

అపోహ: ఇండోనేషియాలోని నేషియా అక్కడి ‘నుసా’ నుంచి వచ్చింది.

వాస్తవం: మలయ్, జావా భాషల్లో నుసా అంటే నిజంగానే దీవి. బాలి పక్కనున్న నుసా పెనిడా అలాంటి పేరే. అయినా ఈ రెండు మాటల పోలిక కేవలం కాకతాళీయం. 1850లో జార్జ్ ఎర్ల్, జేమ్స్ లోగన్ అనే ఇద్దరు బ్రిటిష్‌వారి రాతల్లో, గ్రీకు ‘ఇండోస్’కు నేసోస్ చేరి ఈ పేరు రూపుదిద్దుకుంది. ఆ ఇండోస్‌కు మూలం మన సింధువే.

జ్ఞాపకం పోవడాన్ని చెప్పే అమ్నీషియాకు, దీవులకు ఏ సంబంధమూ లేదు. అందులో ఉన్నది ‘మ్నేసిస్’, అంటే జ్ఞాపకం.

అపోహ: నేసోస్ అన్న మాట ఉంటే అది తప్పనిసరిగా దీవే.

వాస్తవం: గ్రీసులోని పెలోపొన్నెసోస్‌కు ‘పెలోప్స్ దీవి’ అని అర్థం. పెలోప్స్ గ్రీకు పురాణాల్లోని రాజు. నిజానికి అది ద్వీపకల్పం. కొరింత్ దగ్గర సన్నని నేల దాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతుంది. ఆ నేలకు అడ్డంగా తవ్విన సుమారు 6 కిలోమీటర్ల కాలువ 1893లో పూర్తయింది. ద్వీపకల్పానికి గ్రీకులు వాడిన మాట ‘ఖెర్సోనెసోస్’, అంటే పొడినేల దీవి. రెండో శతాబ్దంలో భూగోళవేత్త టోలెమీ మలయా ద్వీపకల్పాన్ని ‘బంగారు ఖెర్సోనెసోస్’ అని రాశాడు. ఆ బంగారు భూమికి వెళ్లే ఓడలు తీరం వదిలే చోటును మైసోలియా ఊళ్ల వరుసలోనే చెప్పాడు. ఆ మైసోలియా మన కృష్ణా గోదావరుల తీరం.